మోచెయ్యి దగ్గర అరిగిన గీత

నా చేతుల మీదుగా పోయినన్ని ముఖాలు సూర్యాపేటలో ఇంకెవరి చేతుల మీదుగానూ పోయి ఉండవు. పుట్టినరోజు పిల్లలు, ఓణీల ఫంక్షన్ ఆడపిల్లలు, ఎన్నికల్లో గెలిచినవాళ్ళు, ఓడిపోయి కూడా ఓటర్లకు దండం పెట్టేవాళ్ళు, చివరికి చచ్చిపోయినవాళ్ళు. అందరికీ పౌడర్ రాసేది నేనే, మచ్చలు తుడిచేది నేనే. జుట్టు లేనివాళ్ళు బతిమాలితే కాస్త జుట్టు కూడా పెడతాను. ఫ్లెక్సీ డిజైనర్ పని అదే.

నా చదువు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారుకూ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. నేను బడికి రాను, ఆయన నన్ను కొట్టడు. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. తర్వాత ఒక పెయింటర్ దగ్గర చేరి గోడల మీద, షట్టర్ల మీద, లారీల వెనక అక్షరాలు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక మా గురువు కుంచెను కిరసనాయిల్లో పెట్టినవాడు మళ్ళీ తీయలేదు. నేను మాత్రం ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చినట్టు నటిస్తూ నటిస్తూ నేర్చేసుకున్నాను.

కళ్ళు లేని పిల్లల కోసం పుస్తకాలు తయారుచేసే ట్రస్టు వాళ్ళు ఒకసారి వార్షికోత్సవం ఫ్లెక్సీ కోసం నా షాపుకి వచ్చారు. అప్పుడు నేనొక రైస్ మిల్లు వాళ్ళ పాత గుర్తును, అరిగిపోయి సగం పోయిన దాన్ని, మళ్ళీ గీతలుగా గీస్తున్నాను. అది చూసి, పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు కూడా ఇలాగే గీస్తావా అని అడిగారు. గీయడానికేముంది అన్నాను. నా జీవితంలో అన్ని తిప్పలూ ఆ ముక్కతోనే మొదలయ్యాయి.

పని ఇలా ఉంటుంది. పుస్తకంలో బొమ్మను స్కాన్ చేసి పంపుతారు. దాని మీద నేను కంప్యూటర్లో గీతలు గీసుకుంటూ పోవాలి. రంగులు తీసేసి, నీడలు తీసేసి, అసలు విషయాన్ని లావుపాటి నల్ల గీతలకు దించాలి. ఆ గీతలను ఒక రకం కాగితం మీద ప్రింటు తీసి వేడి మిషన్‌లోకి తోస్తే, నలుపు ఉన్నచోటల్లా కాగితం ఉబ్బుతుంది. పూరీలా కాదు, దోమ కుట్టిన దద్దురంత. ఆ దద్దుర్ల మీద వేళ్ళు పోనిచ్చి పిల్లలు బొమ్మను చదువుకుంటారు.

నేను గీసిన మొదటి బొమ్మ ఆవు. ఫ్లెక్సీవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? మాకు ఖాళీ జాగా కనిపిస్తే చెయ్యి దురద పెడుతుంది. జానెడు జాగా ఉంటే ఒక నాయకుడిని పెడతాం, బెత్తెడు ఉంటే ఆయన తమ్ముడిని పెడతాం. ఆవు వెనక కొండలు పెట్టాను, కొండ మీద సూర్యుడు, కింద గడ్డి, పొట్ట మీద సన్నసన్న గీతలతో షేడింగు, చుట్టూ పూలతీగ బార్డరు. చూసుకుని మురిసిపోయి పంపించాను.

ట్రస్టు వాళ్ళ బొమ్మలన్నీ కోదాడలో ఒక సారు పాస్ చేస్తేనే పిల్లల దగ్గరికి పోతాయి. రిటైరైన టీచరు. మూడేళ్ళప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. వేళ్ళతో ముట్టుకుని, ఇది అర్థమైతుంది, ఇది కాదు అని చెప్పడం ఆయన పని. నా ఆవును ముట్టుకున్నాక ఆయన ఫోన్ చేయలేదు. ఈ బొమ్మ గీసినవాడిని ఒకసారి చూడాలని బస్సెక్కి సూర్యాపేట వచ్చేశాడు. చూడాలి అనే మాట ఆయన మనందరికంటే ఎక్కువ వాడేవాడు.

మా షాపు ముందు మురుగుకాలవ, దాని మీద ఒక బండ, బండ దాటితే మెట్లు. ఒకామె ముందు నడుస్తోంది. ఆమె మోచెయ్యి పట్టుకుని అర అడుగు వెనక ఆయన నడుస్తున్నాడు. మెట్ల దగ్గరికి రాగానే ఆమె తల తిప్పకుండానే "మెట్టు" అంది. ఆయన కాలెత్తాడు. మళ్ళీ "మెట్టు" అంది. అరిచినట్టు లేదు, జాగ్రత్త చెప్పినట్టు కూడా లేదు. ఊపిరి వదిలినట్టు అంతే. ఆమె ఆయన భార్య. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

కూర్చోగానే సారు సంచిలోంచి నా ఆవును తీశాడు.

"ఏమయ్యా ఆర్టిస్టూ, ఈ ఆవు మీద వాన పడుతోందా?"

"వాన కాదు సార్, అది షేడింగు. ఎండ ఒకదిక్కు పడ్తది గద, రెండో దిక్కు నీడ."

"నీడ ఎప్పుడైనా నీ చేతికి తగిలిందా?"

తగల్లేదు సార్ అన్నాను. సరే, మరి మిగతా రెండు కాళ్ళు ఏమయ్యాయి అన్నాడు. పక్కనించి గీసిన బొమ్మ కాబట్టి అవతలి కాళ్ళు కనపడవని చెప్పాను.

"నీకు కనపడకపోతే ఆవు కుంటిదైపోవాలా?"

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ షురూ అయింది. తమ్ముడూ, నువ్వు ఊ అనకు. ఊ అంటే పొద్దుగూకేదాక ఇడువడు."

ఆ రోజు నిజంగానే పొద్దుగూకేదాకా విడవలేదు. బార్డరు పూల మీద అరగంట తిరిగానయ్యా, పాఠం పూల గురించి అనుకున్నాను అన్నాడు. సూర్యుడిని చక్రం అనుకున్నాడట, ఆవు బండికి కట్టి ఉందనుకున్నాడట. నేను నవ్వితే ఆయనా నవ్వాడు. చివరికి నాకు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, పిల్లకు ఏం తెలియాలో అది గీయి, మిగతాది నీ దగ్గరే ఉంచుకో. రెండు, ముఖాలు గీయొద్దు. వేళ్ళకు ముఖాలన్నీ ఒకటే, ఇడ్లీ మీద నాలుగు ఆవగింజలు అద్దినట్టు ఉంటాయి. మనిషి కావాలంటే తల గుండ్రంగా పెట్టి వదిలేసి, వాడు చేసే పని గీయి. నాగలి పట్టుకున్న చెయ్యి గీయి, బిందె ఎత్తిన చెయ్యి గీయి.

నా బతుకంతా ముఖాలే. అక్కడ మాత్రం ముఖం తీసేయడం నేర్చుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళు అలా గడిచాయి. పగలు ఫ్లెక్సీలు, గిరాకీ లేనప్పుడు కప్ప గుండె, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, పువ్వు లోపలి భాగాలు. ఒక పనిలో ఎక్కించేది, ఇంకో పనిలో దించేది. ప్రింటు తీసి ఉబ్బించిన కాగితాలు కోదాడకు పంపేవాణ్ణి, పని ఎక్కువుంటే నేనే పోయేవాణ్ణి. వాళ్ళింట్లో సారు కుర్చీలో, పక్కన స్టూలు మీద అక్క. ఆమె పాఠం చదువుతుంటే ఆయన వేళ్ళు బొమ్మ మీద తిరిగేవి. కాలువ బొమ్మ వచ్చినప్పుడు అక్క నా మీద పోట్లాడింది. "మా నేరేడుచర్ల ఏడబాయె తమ్ముడూ? కాల్వ పెట్టినవ్, మా ఊరు పెట్టకపోతివి." పిల్లలకు అక్కర్లేదని సారే తీసేయమన్నాడు అన్నాను. ఆమె ఆ రోజు ఆయనకు టీ ఇవ్వలేదు, నాకే ఇచ్చింది.

ఆమె పుట్టిల్లు నేరేడుచర్ల. చూపున్న పిల్ల చూపులేని మనిషిని చేసుకుంటానంటే ఇంట్లో చాలా గొడవ జరిగిందని ఆమె తమ్ముడు ఒకసారి చెప్పాడు. నాకు నోరు ఆగదు కదా, ఎందుకు చేసుకున్నావక్కా అని ఆమెనే అడిగాను. చీర ఎట్లుంది అని అడిగే పరేషాన్ ఉండదని చేసుకున్న అంది. కుర్చీలోంచి సారు, చీర రంగు నాకు చెప్పకుండా ఏ రోజూ బయల్దేరలేదబ్బాయ్, దాని మాట నమ్మకు అన్నాడు. పిల్లలు లేరు వాళ్ళకు. ఇద్దరే.

అక్క చనిపోయిన వార్త నాకు ఆమె తమ్ముడి ఫోన్లో వచ్చింది. పొద్దున వాకిలి ఊడుస్తూ కూలబడిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఆయన ఏడుస్తూనే, దశదినకర్మకు ఫ్లెక్సీ కావాలన్నా, ఫొటో వాట్సాప్‌లో పెడుతున్న అన్నాడు. మా పనిలో ఏడుపూ ఆర్డరూ ఒకే ఫోన్లో వస్తాయి.

చనిపోయినవాళ్ళ ఫొటో అంటే, బతికుండగా ఎవరూ దానికోసమని దిగరు. ఏదో పెళ్ళిలోంచో, ఏదో గ్రూప్ ఫొటోలోంచో కోసి తెస్తారు. అందుకే ఆ ఫొటోల్లో నూటికి తొంభై వాటిలో భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉంటుంది. తమ్ముడిదో, కోడలిదో, స్నేహితుడిదో. మేం చేసే మొదటి పని ఆ చెయ్యి తుడిచేయడం. చీర రంగు తీసుకుని వేళ్ళ మీద అద్దుతాం, చొక్కా గళ్ళు తీసుకుని అతికిస్తాం. ఎవరి చెయ్యి అని అడగం. అడిగితే పని సాగదు.

అక్క ఫొటో ఏదో పెళ్ళిలోది. ఆకుపచ్చ పట్టుచీర, తలలో కనకాంబరాలు, కొంచెం పక్కకు తిరిగి నవ్వుతోంది. ఆమె తమ్ముడు ఫోన్లోనే సగం కోసి పంపాడు. మోచేతి దగ్గర నాలుగు వేళ్ళు మిగిలి ఉన్నాయి. చీర పచ్చ తీసుకుని అద్దేశాను. నడుము కింద కోసి మేఘాలు పెట్టాను, తల వెనక వెలుగు పెట్టాను, రెండు దీపాలు పెట్టాను. అది తప్పని ఇప్పటికీ అనను. అలా చేయకపోతే ఆ ఫ్లెక్సీ ఎవరూ తీసుకోరు.

దశదినకర్మ రోజు కోదాడ పోయాను. టెంటు కింద జనం. ఫ్లెక్సీ గేటు పక్కన కట్టారు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగి, అబ్బ, మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉంది, నవ్వు అదే నవ్వు అంటున్నారు. మెచ్చుకుంటే ఒళ్ళు మరిచిపోయేవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చున్న సారు వైపు చూడకుండా తిరిగాను. ఆయనే నా గొంతు గుర్తుపట్టి పిలిచాడు. అందరూ ఏదో చూస్తున్నారు, అది నువ్వు చేసిందేనట కదా, నన్ను దాని దగ్గరికి తీసుకుపో అన్నాడు.

నా మోచెయ్యి ఇచ్చాను. గేటు దాకా నడిచాం. ఆయన అరచెయ్యి ఫ్లెక్సీ మీద పెట్టి మెల్లగా తిప్పాడు. అక్క నుదుటి మీద, కళ్ళ మీద, మేఘాల మీద, ట్రస్టు వాళ్ళ సంతాపం అక్షరాల మీద. అన్నింటి మీదా ఒకే తీరుగా చెయ్యి జారింది. ఎండకు ఫ్లెక్సీ వేడెక్కి ఉంది.

"నున్నగా ఉందబ్బాయ్," అన్నాడు. "ఎక్కడ ఉంది ఆవిడ?"

ఆయన చెయ్యి పట్టుకుని ముఖం ఉన్నచోట పెట్టాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు. ఆయన కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, సరే పద అన్నాడు.

కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. పలకరింపులు అయ్యాక, నాకొకటి గీసిపెడతావా అన్నాడు. పాఠం ఏంటి సార్ అన్నాను, నోటి అలవాటు కొద్దీ. మీ అక్క అన్నాడు.

అక్కడే నేను చెప్పాల్సింది. సార్, ముఖం గీయొద్దని నాకు నేర్పింది మీరే గదా అనాల్సింది. అనలేకపోయాను. నలుగురూ చూసింది తనొక్కడే చూడలేకపోయాడు. ఆ ఫ్లెక్సీలో ఉన్న మనిషి ఆయన మనిషి. ఆయనకు తప్ప అందరికీ అందింది.

ఆ ముఖం మీద పడ్డంత కష్టం నేను ఏ పని మీదా పడలేదు. షట్టరు సగం దించి కూర్చున్నాను. ఫొటోను పెద్దది చేసి కనుబొమలు ఒక్కొక్క గీతగా దించాను. ముక్కుపుడకకు ఒక చుక్క, బొట్టుకు నిండు గుండ్రం, కనకాంబరాలకు చిన్నచిన్న చుక్కల వరస. నవ్వు గీయడమే పెద్ద తంటా. నవ్వంటే పెదవుల గీత ఒక్కటే అనుకుంటాం, కాదు. బుగ్గల్లో, కళ్ళ కిందా ఉంటుంది. అవి గీతలు కావు, నీడలు. నీడ చేతికి తగలదు. గీసి, తీసి, మళ్ళీ గీసి, ప్రింటు తీసి, మిషన్‌లో ఉబ్బించి, కళ్ళు మూసుకుని నేనే ముట్టుకుని చూశాను. నాకు అక్కలానే తెలిసింది. ఎందుకు తెలియదు, నేను ముందే చూసి ఉన్నాను కదా.

కాగితం తీసుకుని కోదాడ పోయాను. ఇంట్లో ఆమె తమ్ముడు ఉన్నాడు, బావను ఒంటరిగా వదలలేక నేరేడుచర్ల నుంచి వచ్చిపోతున్నాడు. కుర్చీ పక్కన స్టూలు అలాగే ఉంది, దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. నేనూ కూర్చోలేదు.

సారు కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో చదివాడు. అన్ని ప్రూఫులూ చదివినట్టే, ముందు చుట్టూ ఒకసారి, తర్వాత పైనుంచి కిందికి. పువ్వుల దగ్గర ఆగాడు. పుడక దగ్గర ఆగాడు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. అబద్ధం చెప్పు సార్ అని లోపల అనుకుంటున్నాను. ఈ ఒక్కసారికి పాస్ చేయి.

"బొట్టు ఉంది, ముక్కు ఉంది, పూలున్నాయి," అన్నాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ఈమె ఎవరో నాకు తెలియదబ్బాయ్."

ఆమె తమ్ముడు లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇడ్లీ అయిందా సార్?" అన్నాను.

నవ్వాడు, చిన్నగా. "మంచి ఇడ్లీయే. నీ తప్పేం లేదు. ఆవిడ ముఖం నాకు తెలుసు, చేతికి తెలుసు. నుదురు చల్లగా ఉండేది, బుగ్గలు వెచ్చగా ఉండేవి. మాట్లాడుతుంటే దవడ కదిలేది. ఇది కదలడం లేదు." కాగితాన్ని జాగ్రత్తగా మడత పడకుండా పక్కన పెట్టాడు. ఇంతకీ అది ఎక్కడి ఫొటో అని అడిగాడు.

ఆమె తమ్ముడు లోపల్నుంచే చెప్పాడు, మిర్యాలగూడలో మా మేనకోడలి పెండ్లి బావా, మీరిద్దరు స్టేజీ ఎక్కుతున్నప్పుడు దిగింది అని. సారు తల ఎత్తాడు. ఆ స్టేజీ ఆయనకు బాగా గుర్తుందట. కార్పెట్ కింద చెక్క మెత్తగా దిగిందట, అక్షింతలు చేతిలో చెమటకు అంటుకుపోయాయట. ఆవిడ మెట్టు అందట.

"అయితే నేనూ ఉండాలే అందులో. నేనెక్కడ?"

"మీరు యెనక సార్. కోసిన్రు."

"చెయ్యి పట్టుకుని ఉంటాను కదా. చెయ్యి కూడా కోశారా?"

"చెయ్యి మిగిలిండె," అన్నాను. "నేను తుడిచిన."

"ఎట్లా తుడుస్తారు?"

"చీర రంగు తీస్కోని వేళ్ళ మీద అద్దుతం సార్. అందరికీ అట్లనే చేస్తం."

ఆయన తన కుడిచెయ్యి వేళ్ళను ఎడమచేత్తో ఒకసారి పట్టి చూసుకున్నాడు. కోపం రాలేదు ఆయనకు. వస్తే బాగుండేది. ముఖం వద్దులే, ఆ చెయ్యి గీయి అన్నాడు.

నా ఫోన్లో ఉన్నది కోసిన ముక్క. ఆమె తమ్ముడు ఫోన్ మార్చాడు, పూర్తి ఫొటో ఆయన దగ్గరా లేదు. మిగిలింది పెళ్ళివారి ఆల్బమే. అక్కణ్ణుంచే మిర్యాలగూడ బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటి నేరేడుచర్ల వచ్చేసరికి బస్సు ఆగింది, వడ్ల ట్రాక్టర్లు మిల్లు ముందు రోడ్డు మీదికి బారులు తీరి ఉన్నాయి. కిటికీలోంచి దుమ్ము, తవుడు వాసన. మా ఊరు పెట్టకపోతివి అన్న మాట గుర్తొచ్చింది. బస్సు కదిలేదాకా ఆ ఊరిని చూస్తూ కూర్చున్నాను, చూడటం తప్ప ఇంకేం చేయగలను.

పెళ్ళికూతురి తల్లి ఆల్బమ్ తెచ్చి ఇచ్చింది. ఎత్తలేనంత బరువు. అది చేసినవాడు మావాడే, అంటే మా పనివాడే. ఎక్కడా ఖాళీ వదల్లేదు. పెళ్ళికొడుకు చంద్రుడి మీద కూర్చున్నాడు, పెళ్ళికూతురు గులాబీలోంచి లేస్తోంది. అక్షింతల పేజీలో మూలన అగ్గిపెట్టెంత ఫొటో. దాని మీద సారు ముఖానికి సరిగ్గా అడ్డంగా ఒక సీతాకోకచిలుక. ఆ డిజైనర్‌ను తిట్టుకుందామనుకున్నాను, కానీ ఆ చోట నేనున్నా సీతాకోకచిలుకనే పెట్టేవాణ్ణి. సారు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు పెళ్ళి ఆల్బమ్‌లో బాగుండవు.

ముఖం పోతే పోయింది. నాకు కావలసినవి ఉన్నాయి. అక్క కాలు మెట్టు మీద ఉంది. ఆమె మోచెయ్యి కొంచెం వెనక్కి ఉంది. దాని మీద ఆయన చెయ్యి ఉంది. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. పెళ్ళికూతురి తల్లి, ఇంత చిన్నది ఎందుకన్నా, మా దగ్గర పెద్దవి బాగా ఉన్నయి అంది. ఇదే కావాలమ్మా అన్నాను.

ఈసారి గీయడానికి ఎక్కువసేపు పట్టలేదు. రెండు తలలు గుండ్రంగా, ఖాళీగా. రెండు ఒళ్ళు, ఒక్కొక్క గీత. స్టేజీ పూలు తీసేశాను, కుర్చీలు తీసేశాను, వెనక జనాన్ని తీసేశాను. మెట్టు మాత్రం ఉంచాను, అది లేకపోతే ఆమె కాలు గాల్లో తేలుతుంది. చేతిని, మోచేతిని మిగతావాటికంటే పెద్దగా గీశాను, నిజం చెయ్యంత. కొలతల ప్రకారం అది తప్పు. పిల్లల పుస్తకం అయితే సారే కొట్టేసేవాడు.

మళ్ళీ కోదాడ. మళ్ళీ ఒళ్ళో కాగితం. ఆయన ఈసారి ఎందుకో కిందనుంచి మొదలుపెట్టాడు. వేలు అడ్డగీత మీద పోయి, మూల దగ్గర పైకి తిరిగి, మళ్ళీ అడ్డంగా పోయింది.

"మెట్టు," అన్నాడు.

అక్క అన్నట్టే అన్నాడు, ఊపిరి వదిలినట్టు. తర్వాత పైకి పోయి, కొంగు అంచు దాటి, చెయ్యి దగ్గరికి వచ్చాడు. ఉబ్బిన నాలుగు గీతల మీద తన నాలుగు వేళ్ళు పెట్టాడు. సరిపోయాయి. నేను గోడ వైపు తిరిగి క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. లోపల కుక్కర్ కూత పెట్టింది, ఆమె తమ్ముడు పొయ్యి ఆపాడు.

చాలాసేపటి తర్వాత ఆయన వేళ్ళు మళ్ళీ కిందికి వచ్చాయి. ఆమె కాలు, ఆయన కాలు. రెండింటి మధ్య ఎత్తు చూసుకున్నాడు.

"ఆవిడ ఎక్కేసింది," అన్నాడు. "నేనింకా కిందే ఉన్నాను."

ఫొటోలో అట్లనే ఉంది సార్ అన్నాను. అవునులే అన్నాడు. పాస్ అని ఆయన అనలేదు, నేను అడగలేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ వానాకాలం అయిపోతుండగా ఒకరోజు మధ్యాహ్నం కర్ర చప్పుడు వినిపించి తల ఎత్తాను. సారు బండ మీద నిలబడి ఉన్నాడు, ఒక్కడే. కోదాడలో బావమరిది బస్సెక్కించాడట, ఇక్కడ ఆటోవాడు షాపు ముందు దింపాడట. ఒక్కడే తిరగడం మళ్ళీ నేర్చుకుంటున్నానయ్యా, ట్రైనింగులో ఎప్పుడో నేర్పారు, ఆవిడ వచ్చి చెడగొట్టింది అన్నాడు. నేను లేచేలోపే కర్రతో మెట్టు అంచు తట్టి ఎక్కేశాడు.

సంచిలోంచి అట్టల మధ్య పెట్టిన కాగితం తీశాడు. నేను గీసిందే. వెలుతురు కిందికి తీసుకుని చూశాను. మెట్టు గీత గట్టిగానే ఉంది. తలలు అలాగే ఉన్నాయి. అక్క చీర అంచు ఇప్పుడే మిషన్‌లోంచి తీసినట్టుంది. మోచెయ్యి దగ్గర మాత్రం కాగితం నల్లగా, నున్నగా అయిపోయింది. అక్కడి ఉబ్బంతా అణిగిపోయింది. నలుపు కళ్ళకు కనిపిస్తోంది, వేలికి ఏమీ తగలడం లేదు. ఫ్లెక్సీలాగే.

"అరిగిపోయింది కదా?" అన్నాడు.

"అరిగింది సార్. ఇంకోటి తీస్త."

ఈసారి గీత ఇంకొంచెం లావు చేస్తాను, తొందరగా అరగదు అన్నాను. వద్దన్నాడు. లావు చేస్తే ఆ చెయ్యి ఇంకెవరిదో అవుతుందట. ఫైలు తెరిచి ప్రింటు ఇచ్చాను. వేడి మిషన్ ట్రస్టు వాళ్ళ ఆఫీసులో ఉంటుంది, అది మా సందు చివరే. కాగితం పట్టుకుపోయి ఉబ్బించుకుని వచ్చేసరికి, ఆయన అదే కుర్చీలో, అరిగిన కాగితం మీద వేళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొత్తది ఇచ్చాను. పాతది పారేయనా సార్ అని అడగబోయి నోరు మూసుకున్నాను. నాకు అది కొత్త విద్య. రెండింటినీ అట్టల మధ్య పెట్టుకున్నాడు.

బస్టాండు దాకా వస్తానంటే ఆటో మాట్లాడితే చాలన్నాడు. గడప దాకా వచ్చాడు. నేను పక్కన నడుస్తూ మోచెయ్యి చాపాను, ఆయన చూడలేదు, చూసే దారి లేదు. మెట్ల అంచుకు వచ్చేశాం. నా నోట్లోంచి అదే వచ్చేసింది.

"మెట్టు సార్."

ఆయన ఆగిపోయాడు. కర్ర గాల్లోనే ఉంది.

"ఆ మాట నువ్వు అనకబ్బాయ్," అన్నాడు. కసురుకున్నట్టు కాదు, బతిమాలినట్టు ఉంది. "కర్ర చెప్తదిలే."

సరే సార్ అన్నాను. ఆయన కర్ర దించి అంచు వెతుక్కున్నాడు. ఒకసారి తగల్లేదు, మళ్ళీ వెతికాడు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కర్ర రాయికి తగిలిన చప్పుడు వినిపించింది. ఆయన కాలు కింద పెట్టాడు. మళ్ళీ కర్ర, మళ్ళీ కాలు. బండ దాటాక ఆటోవాడు చెయ్యి పట్టి ఎక్కించాడు.